ఒంటి కటకం, నాలుగు కటకాలు

ఫిల్ము కాలపు ఆటబొమ్మ కెమెరాకూ అసలు కెమెరాకూ ఉన్న తేడా ధరలో కంటే వెలుగును అదుపు చేసే తీరులోనే ఎక్కువగా కనిపిస్తుంది. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన ఆగ్ఫా క్లిక్ త్రీ వంటి ప్లాస్టిక్ డబ్బా కెమెరాలో ఒంటి కటకం, మార్చుకోవడానికి వీలులేని షట్టరు వేగం, 120 రకం రీలు మీద ఆరు సెంటీమీటర్ల చదరపు బొమ్మలు పన్నెండు ఉండేవి; యాషికా మ్యాట్ 124జీలోనూ రీలు అదే, బొమ్మ కొలతా అదే, కానీ నాలుగు గాజు కటకాలు, సెకనులో 500వ వంతు దాకా వేగం, దూరాన్ని బట్టి ఫోకస్ సరిచేసుకునే వీలు దానికి అదనం.

ఒంటి కటకం గుండా వచ్చిన తెల్లని వెలుగులో నీలం కాస్త ముందుగా, ఎరుపు కాస్త వెనగ్గా కూడుకుంటాయి కనుక గీతలు పదును కోల్పోతాయి. దీనిని వర్ణ విపథనం అంటారు. పైగా ఆ కటకం ఏర్పరచే ప్రతిబింబం చదునుగా కాక వంపు తిరిగి ఉండడం వల్ల నడిమి ముఖం తేటగా వచ్చినా మూలల్లో నిలబడినవారు మసకబారతారు. 1902లో జైస్ సంస్థకు చెందిన పాల్ రుడాల్ఫ్ రూపొందించిన టెస్సార్ అమరికలో వేర్వేరు గాజులతో చేసిన నాలుగు కటకాలు ఒకదాని దోషాన్ని మరొకటి దిద్దుతాయి. యాషికా కటకం ఆ వంశానిదే.

అయినా డబ్బా కెమెరాను తక్కువ చేయడం న్యాయం కాదు. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో మిట్టమధ్యాహ్నం 100 వేగపు ఫిల్ముకు ఎఫ్/16 ద్వారం, సెకనులో నూరోవంతు సరిపోతాయి. ఎఫ్/11 ద్వారం, యాభయ్యోవంతు ఉన్న డబ్బా కెమెరా అంతకు నాలుగింతల వెలుగును లోనికి రానిస్తుంది. నలుపు తెలుపు నెగటివ్ ఆ ఎక్కువను ఓర్చుకుని కొంచెం చిక్కబడుతుందే తప్ప చెడిపోదు. నెగటివ్‌ను కాగితానికి ఆనించి అదే కొలతలో తీసే కాంటాక్ట్ ప్రింటులో కటకం లోపాలూ పెద్దగా పైకి తేలవు.

వెలుగు తగ్గినప్పుడే అసలు పరీక్ష. పెంకుటింటి వసారాలో వెలుగు ఎండలోని దానికి ముప్పయ్యోవంతుకు పడిపోతే డబ్బా కెమెరా చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే తక్కువ వెలుగు పడిన చోట ఫిల్ములో వివరమే నమోదు కాదు; ఎఫ్/3.5 దాకా తెరుచుకునే యాషికా, ఎఫ్/11తో పోలిస్తే పదింతల వెలుగును రాబట్టడమే కాక, స్టాండు మీద నిలిపితే షట్టరును ఇంకా నెమ్మదిగా నడిపే వీలూ ఇస్తుంది. కదలిక విషయమూ అంతే: తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో కెమెరాకు అడ్డంగా సాగితే యాభయ్యోవంతు సెకనులో 20 సెంటీమీటర్లు జరిగి పెట్టె మీది అక్షరాలను చెరిపేస్తుంది, అదే 500వ వంతులో జరిగేది రెండు సెంటీమీటర్లే.

1960లలో హాంకాంగ్‌లో పుట్టిన డయానా, 1980ల తొలినాళ్లలో అక్కడే వచ్చిన హోల్గా అనే ఆటబొమ్మ కెమెరాలు తీసిన బొమ్మల్లోని నల్లబడిన మూలలను, సందుల్లోంచి చొరబడిన వెలుగు చారలను తరువాతి ఫొటోగ్రాఫర్లు కావాలనే కోరుకున్నారు. లోపం ఎక్కడ పడుతుందో తెలిసి వాడుకున్నవారి చేతిలో అది నిజంగా అందమే. పాత డబ్బా కెమెరా నెగటివ్‌లను ఇప్పుడు స్కాన్ చేయించి పెద్దవి చేయించేవారు మాత్రం నడిమి భాగాన్నే నమ్ముకోవాలి, ఎందుకంటే మూలల్లో కటకం అందించలేకపోయిన వివరాన్ని ఏ స్కానరూ వెలికి తీయలేదు.