పేకముక్కల గారడి – లెక్కలోని గుట్టు



పేకముక్కల పేరు వినగానే పెద్దలకు ఏవగింపు కలుగుట సహజము. పందెమొడ్డి ఎద్దులను, మడులను పోగొట్టుకొన్న సంసారములను మీరెరుగుదురు. అయితే దోషము పందెమునందున్నది గాని ముక్కలయందు లేదు. ఆ ముక్కలతోనే ఒక చిన్న గారడి చేసి, దాని గుట్టును బిడ్డలకు విప్పి చెప్పినచో, వారికి కూడికయు గుణకారమును మాత్రమే గాక, కంటికి వింతగా తోచినదానికి కారణము వెదకు బుద్ధియు అలవడును. మంచిర్యాల ప్రాంతమున పత్తాలని పిలువబడు ఈ ముక్కలను గూర్చియే నేటి ప్రసంగము.

ఈ కాగితపు ముక్కలు రాకమునుపు మన దేశమున గంజీఫా అను గుండ్రని ముక్కలుండెను. 1527లో బాబరు చక్రవర్తి సింధు పాలకుడైన షా హసనునకు గంజీఫాలను పంపినట్లు తన చరిత్రలో వ్రాసికొనెను. మొగలు గంజీఫాలో 96 ముక్కలు. దశావతార గంజీఫాలో అవతారమునకు 12 చొప్పున 120 ముక్కలు. మంచిర్యాలకు పడమటనున్న నిర్మల్ పట్టణపు నకాషీ చిత్రకారులు ఇట్టి ముక్కలను చేతితో చిత్రించుటయందు పేరుగాంచిరి. నేటి పేకలో ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అను 4 జాతులు, జాతికి 13 చొప్పున మొత్తము 52 ముక్కలు. 4, 13, 52 అను ఈ మూడంకెలను జ్ఞప్తియందుంచుకొనుడు. గుట్టంతయు వీనియందే యున్నది.

ఇక గారడి చేయు విధము. జోకర్లను తీసివేసి, పేకను ఒకరి చేతికిచ్చి బాగుగా కలుపుమనుడు. మీరు మొగము అటు త్రిప్పుకొని కూర్చుండుడు. ఆసు 1గాను, జాకీ, రాణి, రాజు ఒక్కొక్కటి 10గాను, తక్కిన ముక్కలు వాని అంకెలుగాను ఎంచవలెనని ముందే చెప్పుడు. అతడు పై ముక్కను తీసి, తాను మాత్రము చూచుకొని, బోర్లించి నేలపై పెట్టవలెను. ఆ ముక్క విలువ మొదలుకొని 12 వచ్చువరకు మనసులో లెక్కించుచు, ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క ముక్కను దానిపై బోర్లించవలెను. మొదటి ముక్క 7 అయినచో 8, 9, 10, 11, 12 అని మరి ఐదు ముక్కలు వేయును. అంతట ఒక కుప్ప యగును. తరువాతి ముక్కతో రెండవ కుప్ప, దాని తరువాతి దానితో మూడవది, ఇట్లు సాగవలెను. కడపటి కుప్ప పూర్తియగుటకు ముక్కలు చాలకున్నచో, ఆ కుప్పలోని ముక్కలన్నియు మిగులు క్రింద చేతనే యుంచుకొనవలెను.

ఇప్పుడతనిని రెండే ప్రశ్న లడుగుడు. కుప్పలెన్ని? చేత మిగిలిన ముక్కలెన్ని? కుప్పల సంఖ్యలోనుండి 4 తీసివేసి, వచ్చినదానిని 13చే గుణించి, మిగిలిన ముక్కల సంఖ్యను కలుపుడు. కుప్పల అడుగున నున్న ముక్కల విలువల మొత్తము అదియే. అతడు కుప్పలను తిరుగవేసి కూడి చూచుకొని ఆశ్చర్యపడును.

ఒక ఉదాహరణము. అడుగు ముక్కలు 7, రాజు, 3, ఆసు, 9, 5 అనుకొనుడు. కుప్పలు 6. వానిలో వరుసగా 6, 3, 10, 12, 4, 8 ముక్కలు, మొత్తము 43. మిగిలినవి 9. అందు పైది 2 అయినచో, ఆ కుప్పకు 11 ముక్కలు కావలెను గనుక అది పూర్తి కాదు. 6లో 4 పోగా 2. దానిని 13చే గుణింపగా 26. 9 కలుపగా 35. అడుగు ముక్కలను కూడినను 7, 10, 3, 1, 9, 5 చేరి 35 అగును.

ఇందలి కారణ మేమి? ఏ కుప్పనైనను తీసికొనుడు. అడుగు ముక్క విలువను, ఆ కుప్పలోని ముక్కల సంఖ్యను కూడిన 13 వచ్చును. 7 అడుగుననున్నచో 6 ముక్కలు. 10 అడుగుననున్నచో 3 ముక్కలు. కావున 6 కుప్పలకు 78. అందు కుప్పలలోని 43 ముక్కలను తీసివేయగా విలువల మొత్తము 35 మిగులును. పేకలోని 52 ముక్కలు సరిగా నాలుగు పదమూడ్లు గనుక, కుప్పలలో 4 తగ్గించుట ఈ లెక్కకు దగ్గరదారి. ఎంత పెద్ద కుప్పయైనను 12 ముక్కలను మించదు. అందుచేత కుప్పలు 4కు తక్కువ కావు.

ఈ లెక్క మరియొక ఉపకారము కూడ చేయును. మీరు చెప్పిన మొత్తము అసలు మొత్తముకంటె ఒకటి తక్కువగా వచ్చి, లెక్కించుటలో పొరపాటు లేకున్నచో, పేకలో ఒక ముక్క పోయినదని గ్రహింపవలెను. గారడివాడు ఇచ్చట తనిఖీదారు డగును.

మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును తెనిగించిన పావులూరి మల్లన కాలమునుండియు తెలుగువారికి లెక్క యనిన మక్కువ కలదు. ఆ మక్కువను రచ్చబండమీద నిలుపుట పెద్దల పని. అయితే ఈ విద్యను పైసకు పందెముగా ఒడ్డరాదు. జాతరలలో ముక్కలు త్రిప్పి డబ్బు లాగువాని నేర్పు లెక్కయందు లేదు, చేతివేగమునందున్నది; అతనితో ఆడి గెలుతమనుట భ్రమ.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. తెలంగాణపు పల్లెలలో బాణామతి యను అనుమానముతో నిరపరాధులను కొట్టిన సంగతులు, ప్రాణములు తీసిన సంగతులు కూడ వినవచ్చినవి. కారణము తెలియని దానికెల్ల మంత్రమని పేరు పెట్టుటయే అట్టి ఘోరములకు మొదలు. ఇంద్రజాలికులును మనస్తత్వవేత్తయునైన కీర్తిశేషులు బి.వి. పట్టాభిరాము గారు గారడినే మూఢనమ్మకములకు విరుగుడుగా వాడిరి. మీరును ఈ గారడిని ఊరిలో చేసి, జనులు ఆశ్చర్యపడిన పిమ్మట, గుట్టును దాచక విప్పి చెప్పుడు. మంత్రమనుకొన్నది లెక్కయని ఒకసారి కన్నులార చూచిన బాలుడు, రేపు పొరుగింటి ముసలమ్మపై నింద పడినపుడు, కారణమేమని అడుగగలవా డగును.