చౌక ప్రళయాలు

లక్డీకాపూల్‌లో గంటసేపు గట్టి వాన పడితే చాలు, ద్వారకా హోటల్ జంక్షన్ చెరువైపోతుంది. మెట్రో స్టేషన్ కింద తలదాచుకున్నవాళ్లు గొడుగు కన్నా ముందు ఫోను తీస్తారు. వాళ్లు ఇంటికి చేరేలోపే ఆ వరద వాట్సాప్‌లో పది కోణాల్లో తిరుగుతుంటుంది. ఆగిపోయిన కారును నెడుతున్న ట్రాఫిక్ కానిస్టేబులు, కొట్టుకుపోతున్న అట్టపెట్టెలు, ఎవరిదో ఒంటి చెప్పు, మ్యాన్‌హోల్ మీద గిర్రున తిరుగుతున్న సుడి. నీళ్లు మాత్రం బాగా మరిగిన ఇరానీ చాయ్ రంగులో ఉంటాయి.

ఇదే జనం ఆదివారం మధ్యాహ్నం భోంచేసి టీవీ పెడతారు. ఊరూపేరూ తెలియని ఇంగ్లిష్ సినిమా, తెలుగు డబ్బింగు. అమెరికాలో ఏదో నగరం మీదికి సునామీ వస్తోంది. నీళ్లు నీలంగా, శుభ్రంగా, ఫ్రిజ్జులోంచి తీసినట్టున్నాయి. నలభై అంతస్తుల మేడను ఢీకొట్టినా ఒక్క చుక్క చిందదు, ఒక్క కుర్చీ కొట్టుకురాదు. శాస్త్రవేత్తగారు (ఆయనకు విడాకులై ఉంటాయి, కూతురు మాట్లాడదు) ల్యాప్‌టాప్ టప్పున మూసి, మనకింక రెండు గంటలే ఉందంటాడు. పడక్కుర్చీలోని తాతగారితో సహా ఇంటిల్లిపాదీ నవ్వేస్తారు.

డబ్బుల్లేక అలా తీశారులే అని మనం సరిపెట్టుకుంటాం. నాకైతే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. ఉన్న కాస్త డబ్బునూ వాళ్లు పెట్టకూడని చోట పెట్టారు. పెద్ద సినిమా ఏ బొమ్మ చూపించి టికెట్లు అమ్ముకుందో, చిన్న సినిమా సరిగ్గా ఆ బొమ్మనే అందులో వందో వంతు ఖర్చుతో చూపించబోయి బోర్లా పడుతుంది.

పేరు కలిస్తే చాలు

ఈ బాపతు సినిమాలకు అమెరికాలో ఒక కార్ఖానాయే ఉంది. 1997లో మొదలైన ‘ది అసైలమ్’ అనే కంపెనీది బహు తేలికైన సూత్రం. పెద్ద స్టూడియో ఏం తీస్తోందో కనిపెట్టి, అలాంటి పేరుతోనే ఒకటి చుట్టేసి మార్కెట్లోకి వదలడం. రోలాండ్ ఎమరిక్ 20 కోట్ల డాలర్లు పోసి తీసిన ‘2012’ 2009 నవంబరులో విడుదలైంది. అసైలమ్ వాళ్లు 2008లోనే ‘2012 డూమ్స్‌డే’ దించేశారు. మరుసటి ఏడాది ‘2012 సూపర్‌నోవా’. 2011లో ‘2012 ఐస్ ఏజ్’. ఆ సంవత్సరం వచ్చేలోపు లోకాన్ని మూడుసార్లు ముంచేశారన్నమాట. షాపులో హడావుడిగా డీవీడీ తీసుకునేవాడు పొరబడితే లాభం, పొరబడకపోయినా పెద్ద నష్టం లేదు.

వాళ్లకు పేరు తెచ్చింది మాత్రం ‘షార్క్‌నాడో’. 2013 జూలై 11న సైఫై చానెల్లో వచ్చింది. సుడిగాలి సముద్రంలోంచి సొరచేపల్ని ఎత్తుకొచ్చి లాస్ ఏంజెలిస్ వీధుల్లో కురిపిస్తుంది. జనం ట్విటర్లో విరగబడి నవ్వారు. ఆ నవ్వుల మీదే 2018 దాకా మొత్తం ఆరు భాగాలు తీశారు. దాంతో నాకు పేచీ లేదు. కాకపోతే, చెడ్డగా తీయాలనే చెడ్డగా తీసిన సినిమాను చూసి నవ్వడంలో ఒక అలసట ఉంటుంది. రెండో భాగానికే దవడ నొప్పెడుతుంది.

నాకు అంతకన్నా ముద్దొచ్చేది 2010 నాటి ‘బర్డెమిక్’. తీసినాయన జేమ్స్ ఎన్‌గుయెన్, సిలికాన్ వ్యాలీలో సాఫ్ట్‌వేర్ అమ్ముకునే ఉద్యోగి. ఖర్చు పది వేల డాలర్ల లోపే. భూమి వేడెక్కడంతో పిచ్చెత్తిన పక్షులు ఊరి మీద పడతాయి. ఆ పక్షులు రెక్కలాడిస్తూ గాల్లో ఒక్కచోటే వేలాడుతుంటాయి, హీరో హీరోయిన్లు బట్టల హ్యాంగర్లు ఊపి వాటిని తోలుతుంటారు. సండాన్స్ చిత్రోత్సవం వాళ్లు సినిమాను తీసుకోకపోతే, ఆయన బండికి ఉత్తుత్తి పక్షులు కట్టుకుని ఆ ఉత్సవం జరిగే ఊళ్లోనే తిరిగి ప్రచారం చేసుకున్నాడు. బండి మీద రాయించిన సినిమా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. అయినా ఆయన నవ్వించడానికి తీయలేదు, మనస్ఫూర్తిగా భయపెట్టాలనే తీశాడు.

అమీర్‌పేట గల్లీల్లో నడుస్తుంటే నాకు ఆ మనిషే గుర్తొస్తాడు. లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కితే ఖైరతాబాద్, ఇర్రం మంజిల్, పంజాగుట్ట దాటగానే అమీర్‌పేట. జావా, పైథాన్ బ్యానర్ల సందులోనే వీఎఫ్ఎక్స్ కోర్సుల బ్యానర్లూ వేలాడుతుంటాయి. పగలు కోడింగు నేర్చుకుని రాత్రి హాస్టల్ గదిలో షార్ట్ ఫిల్మ్ ఎడిట్ చేసుకునే కుర్రాళ్లకు అక్కడ కొదవ లేదు. పది వేల డాలర్లు లేకపోయినా వాళ్ల దగ్గర ఎన్‌గుయెన్ దగ్గర లేని సాఫ్ట్‌వేర్ ఉంది. అయినా వాళ్లు చేసే సునామీ కూడా ఆయన పక్షుల్లాగే వేలాడుతుంటుంది. తప్పు కుర్రాళ్లది కాదు, నీళ్లది.

నీళ్లు అబద్ధమాడవు

డైనోసార్‌ను మనమెవరం చూడలేదు. అది ఇలాగే నడుస్తుందంటే నమ్ముతాం. నీళ్లను పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాం. చెంబులోవి ఎలా పడతాయో, కాలవలోవి ఎలా మలుపు తిరుగుతాయో, గోదారి వరద ఏ రంగులో ఉంటుందో కంటికి కంఠతా వచ్చు. తేడా ఎక్కడుందో చెప్పలేకపోయినా, ఉందని క్షణంలో పట్టేస్తాం.

కంప్యూటర్లు లేని రోజుల్లో వరద తీయాలంటే బొమ్మ ఊరు కట్టి, దాని మీదికి నీళ్లు వదిలేవారు. బొమ్మను మామూలు వేగంతో తీస్తే బొమ్మలాగే కనబడుతుంది. చిన్న అల చప్పున లేచి చప్పున పడిపోతుంది కదా. అందుకే కెమెరాను వేగంగా తిప్పి, తెర మీద నిదానంగా చూపిస్తారు. ఎంత వేగమనేదానికి లెక్కుంది. బొమ్మ అసలుకన్నా ఎన్ని రెట్లు చిన్నదో ఆ అంకెకు వర్గమూలం. అసలులో పదహారో వంతు ఇల్లు కడితే కెమెరా నాలుగు రెట్లు వేగంగా, అంటే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 96 ఫ్రేములు తిరగాలి. అప్పుడు అలకు బరువొస్తుంది. ఇంత చేసినా ఒకటి లొంగదు, నీటి చుక్క. ఇంటిని పదహారో వంతు చేయొచ్చుగానీ చుక్కను చేయలేం. బొమ్మ మేడ పక్కన ఎగిరిన చుక్క కిటికీ అంత కనబడి గుట్టు రట్టు చేస్తుంది. వీలైనంత పెద్ద బొమ్మ కట్టడమే దీనికి మందు. పెద్ద బొమ్మ అంటే పెద్ద ఖర్చు.

కంప్యూటరు వచ్చాక చుక్క సైజు గొడవ పోయింది, లెక్కల గొడవ వచ్చింది. నీటి పైపొర ఒక లెక్క, నురగ ఇంకో లెక్క, తుంపర మరో లెక్క, అందులో కొట్టుకొచ్చే చెత్తాచెదారం, బురద మళ్లీ వేరే లెక్క. చౌక సినిమా మొదటి లెక్క దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఆ నీళ్లు ప్లాస్టిక్ పట్టా పరిచినట్టుంటాయి. పైగా దాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో చూపిస్తారు! చీకటి, వాన, మంచు అనే మూడు దుప్పట్లు ఉచితంగా దొరుకుతుంటే కప్పుకోరెందుకో.

మనవాళ్లకు ఈ విద్య కొత్తేం కాదు. 1961లో ఎన్టీఆర్ దర్శకత్వం వహించిన ‘సీతారామ కల్యాణం’కు కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ ట్రిక్ ఫొటోగ్రఫీలో చెయ్యి తిరిగినవాడు. 1976లో బాపు ‘సీతాకల్యాణం’లో గంగావతరణ ఘట్టానికి ఆ మాయ చేసింది ఆయనే. ఆకాశం నుంచి గంగ శివుడి జటాజూటంలోకి దూకే ఆ ఘట్టాన్ని ఈనాటికీ చెప్పుకుంటారు. నా అనుమానం ఏమిటంటే, అక్కడ ప్రేక్షకుడు నీళ్లను తూకం వేయడు. ఆ గంగ దేవత. ఆమె ఎంత నిదానంగా దిగినా, ఎంత వెలుగుతూ దిగినా చెల్లుతుంది. అదే నీటిని దివిసీమ మీదికి వదిలితే చెల్లదు. దాన్ని చూసినవాళ్లున్నారు.

తుపానుకు వార్నింగ్ ఇవ్వలేం

1977 నవంబరు 19. బంగాళాఖాతం లేచి కృష్ణా జిల్లా దివిసీమను తుడిచేసింది. పోయిన ప్రాణాలు పది వేలకు పైనే. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఊరూరా తిరిగి జోలెపట్టి విరాళాలు పోగుచేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేస్తే, ఆ నవంబరు 30న ‘మేము సైతం’ పేరుతో పరిశ్రమ యావత్తూ ఒక్కచోట చేరి డబ్బు సేకరించింది. చెయ్యి చాచిన ప్రతిసారీ సినిమావాళ్లు ముందుకొచ్చారు. కెమెరా మాత్రం అటు తిప్పింది తక్కువ.

మన కథల్లో వరదకు ఇచ్చే ఉద్యోగం వేరు. అన్నదమ్ముల్ని చిన్నప్పుడే విడదీయాలి, పుట్టుమచ్చ ఉన్నవాణ్ని ఒక గట్టున, లేనివాణ్ని ఇంకో గట్టున పడేయాలి, క్లైమాక్సులో కలుసుకునేదాకా మళ్లీ కనబడకూడదు. అసలు చిక్కు హీరోతో. తుపానుకు వేలు చూపించి డైలాగు చెప్పలేం, గాల్లోకి ఎగరేసి తన్నలేం. కోట్లు తీసుకునే కథానాయకుడు రెండున్నర గంటలు తడిసి, వణికి, ఓడిపోయి బయటపడితే అభిమానులు ఒప్పుకుంటారా అని భయం.

మలయాళ పరిశ్రమ ఆ భయం వదిలేసింది. 2018 ఆగస్టు నాటి కేరళ వరదల మీద జూడ్ ఆంథనీ జోసెఫ్ తీసిన ‘2018’ మనకు 2023 మేలో తెలుగులో వచ్చింది. మన పెద్ద సినిమాల బడ్జెట్ల ముందు దాని ఖర్చు ఏపాటి! పెద్ద తొట్టిలో ఇళ్ల సెట్టు వేసి, నిజం నీళ్లు నింపి, నటుల్ని ముంచి తీశారు. కంటికి తెలిసిన నీళ్లు కాబట్టి కన్ను గొడవ పెట్టలేదు. హీరోగా టొవినో థామస్ ఉన్నాడుగానీ, జనాన్ని గట్టెక్కించింది లారీల మీద పడవలు ఎక్కించుకొచ్చిన జాలర్లు. ఆ ఏడాది ఆస్కార్‌కు మన దేశం పంపింది ఆ సినిమానే.

నార్వే వాళ్ల ‘ది వేవ్’ కూడా ఈ కోవదే. 2015లో సుమారు 5 కోట్ల క్రోనర్లతో, అంటే ఎమరిక్ ఖర్చులో ముప్పయ్యో వంతుతో తీశారు. అందులోని ఓకర్నెస్ కొండ నిజంగా ఉంది, దాని పగులు నిజంగా పెరుగుతోంది. అది సముద్రపాయలోకి జారితే గైరాంగర్ ఊరికి ఉండే వ్యవధి పది నిమిషాలంటుంది సినిమా. 1934లో తాఫ్యోర్డ్ దగ్గర అలాంటి కొండ జారే 40 మంది పోయారు. దర్శకుడు రోర్ ఉథాగ్ అల చూపించేది కాసేపే. అది వచ్చేదాకా ఆఫీసులో ఒక మీటరు ముల్లు కదులుతుంటుంది, చూస్తున్న మనకు అరచేతులు చెమర్చుతుంటాయి. వచ్చి వెళ్లాక కథంతా నీళ్లు నిండుతున్న ఒక హోటల్ నేలమాళిగలో. ఒక గది, ముగ్గురు మనుషులు, పైకప్పుకు పాకుతున్న నీరు. దీనికి సూపర్ కంప్యూటర్ ఎందుకు?

హుద్‌హుద్ రోజు విశాఖలో ఉన్నవాళ్లను కదిపితే మొదట చెప్పేది గాలి చేసిన చప్పుడు గురించి. ఆ తర్వాత చెప్పేది ఇంకా భయంకరం. తుపాను కన్ను నగరం మీదికి రాగానే గాలి ఆగిపోయింది. అయిపోయిందనుకుని జనం తలుపులు తీశారు. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. తక్కువ డబ్బులతో సినిమా తీసేవాడికి ప్రకృతి ఇంతకన్నా ఏం రాసివ్వాలి? తలుపు తీసిన మనిషి, కదలని కొబ్బరాకు, సౌండ్ ట్రాకులో ఏమీ లేకపోవడం. ఆ నిశ్శబ్దానికి పైసా ఖర్చు లేదు. విశాఖలోనే స్థానికుల్నే నటులుగా పెట్టి 2018లో వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశాడు. అలాంటి ముఖాల మీదుగా ఆ పూట కథ నడిస్తే ఎలా ఉంటుందోనని నాకెప్పుడూ ఉబలాటం.

ఒక చెట్టు చాలు

లక్డీకాపూల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో రవీంద్రభారతి. అందులోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లో 2016లో ‘సినివారం’ పేరుతో శనివారాలు చిన్న సినిమాల ప్రదర్శనలు మొదలయ్యాయి. సొంత డబ్బులతో తీసుకున్న కుర్రాళ్లకు అదొక అడ్డా అయింది. ప్రళయం తీయాలని సరదాపడే ఇలాంటి పిల్లలు న్యూయార్క్ దాకా వెళ్లక్కర్లేదు. ఇక్కడే మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే చాలు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది.

1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిమీద పడింది. సుమారు 15 వేల మంది పోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతుర్నీ ఆ నీళ్లకే పోగొట్టుకున్నాడు. మళ్లీ అలా జరగకూడదనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ రోజు ఈ చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు 150 మంది దాకా ఉంటారని చెబుతారు.

దీనికి మించిన తక్కువ బడ్జెట్ కథ నాకు తట్టడం లేదు. ఒకటే లొకేషను. సర్కారు గుమాస్తా, అత్తరు వ్యాపారి, గడప దాటి ఎరగని ఇల్లాలు, దొంగ, చంటిపిల్ల, వీళ్లంతా ఒకే కొమ్మ మీద. కింద ఏం కొట్టుకుపోతోందో చూపించక్కర్లేదు, చూసినవాళ్ల కళ్లు చూపిస్తే సరి. డబ్బులో పెద్ద వాటా ఆర్ట్ డైరెక్టరుకూ సౌండు వాళ్లకూ ఇవ్వాలి. గ్రాఫిక్సుకు నాలుగంటే నాలుగు షాట్లు, అవీ చీకట్లో.

ఇంత చెప్పాక నిర్మాత అడిగే మొదటి ప్రశ్న, “ఇంతకీ ఆ 150 మందిలో హీరో ఎవరు?” స్క్రిప్టులు సాధారణంగా అక్కడే ఆగిపోతుంటాయి.