రావల్కోల్ బడిగంట

ఉదయం ఏడున్నరకు పసుపు రంగు బస్సులు ఊరి మొగదల ఆగి హారన్ కొడతాయి. మెడలో టై, వీపున బరువైన సంచి వేసుకున్న పిల్లలు ఎక్కుతారు. బస్సులు వెళ్లిపోతాయి. మరి కాసేపటికి ఊళ్లోనే ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గంట మోగుతుంది. దానికోసం నడిచి వచ్చేవాళ్లు నడిచి వస్తారు, సైకిలు మీద వచ్చేవాళ్లు వెనక తమ్ముణ్నో చెల్లెల్నో కూర్చోబెట్టుకుని వస్తారు. హైదరాబాదుకు ఉత్తరపు అంచున ఉన్న ఊళ్లలో తెల్లవారడం ఇలాగే ఉంటుంది. రావల్కోల్ ఆ ఊళ్లలో ఒకటి.

మేడ్చల్ మండలంలోని ఈ ఊరు 2016 అక్టోబరు 11 దాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఆ రోజున కొత్త జిల్లాలు వచ్చి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి చేరింది. మేడ్చల్, శామీర్‌పేట అంటే ఒకప్పుడు ద్రాక్షతోటలు గుర్తొచ్చేవి. ఇప్పుడు ఒక పక్క 44వ నంబరు జాతీయ రహదారి, ఇంకో పక్క రాజీవ్ రహదారి, దక్షిణాన ఔటర్ రింగు రోడ్డు. చేన్లు వెంచర్లయ్యాయి, గట్ల మీద ప్లాటు నంబర్ల రాళ్లు లేచాయి. శామీర్‌పేట ప్రాంతంలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి పొందిన కోవాగ్జిన్ టీకా అక్కడి భారత్ బయోటెక్‌దే. జీవశాస్త్రం పుస్తకంలో టీకా పాఠం వచ్చినప్పుడు, దాన్ని తయారుచేసేవాళ్లు ఎక్కడో అమెరికాలో ఉంటారని ఈ ప్రాంతపు టీచరు చెప్పనక్కర్లేదు. బస్సెక్కితే చేరుకునే దూరంలోనే ఉన్నారు. ఆ దూరం బస్సు టికెట్టుతో దాటేది కాకపోవడమే అసలు సంగతి. దాన్ని దాటించాల్సింది ఊళ్లో ఉన్న హైస్కూలు.

ఆ హైస్కూలు ఏడాది పొడవునా ఏం చేస్తుందో మనం పట్టించుకోం. ఏప్రిల్ ఆఖరులో ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో ఉత్తీర్ణత శాతం చూసి ఒక మాట అనేస్తాం. ఈ కథనం ఆ ఒక్క రోజు గురించి కాదు, మిగతా రోజుల గురించి. రావల్కోల్‌ పేరు పెట్టి చెబుతున్నా, ఇది జిల్లా పరిషత్ బడి ఉన్న ప్రతి ఊరి సంగతి.

జూన్‌లో గడప గడపకూ

వేసవి సెలవుల తర్వాత బళ్లు తెరిచేది జూన్ 12న. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట మాత్రం అంతకుముందే మొదలవుతుంది. హెచ్‌ఎం, టీచర్లు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఐదో తరగతి అయిన పిల్లల జాబితా చేతిలో ఉంటుంది. "మీ పాపను ఆరులో మా దగ్గరే చేర్పించండి" అని అడుగుతారు. తల్లి లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చిస్తుంది. "మా ఆయననడిగి చెప్త సారూ" అంటుంది. ఆయన అప్పటికే ప్రైవేటు బడికి అడ్వాన్సు కట్టి ఉంటాడు.

ఎమ్మెస్సీ, బీఎడ్ చదివి, పోటీ పరీక్ష రాసి నెగ్గి వచ్చిన మనిషి, ఎండలో నిలబడి పిల్లల్ని పంపమని బతిమాలడం చూస్తే కొందరికి జాలేస్తుంది. నాకు మాత్రం గౌరవమే కలుగుతుంది. ఏ ఇంట్లో తండ్రి లేడు, ఏ పిల్ల పొద్దున వంటచేసి గానీ బయటికి రాలేదు, ఎవరి చూపు మందగించింది, ఇవన్నీ టీచరుకు తెలిసేది ఆ పది రోజుల్లోనే. రిజిస్టరులో పేరు రాసుకునే నాటికి ఆ పిల్ల ఇల్లెలా ఉంటుందో ఆయనకు తెలుసు.

ఆ టీచర్లే చాలినంతమంది లేక బళ్లు ఏళ్ల తరబడి నలిగాయి. తెలంగాణలో 2017లో ఉపాధ్యాయ నియామక ప్రకటన వచ్చాక, మళ్లీ నియామకాలు జరిగింది 2024లో. 11,062 పోస్టులకు డీఎస్సీ పరీక్ష పెట్టి, అక్టోబరు 9న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో పదివేల మందికి పైగా నియామక పత్రాలు ఇచ్చారు. ఆ ఏడేళ్లలో ఆరో తరగతిలో చేరిన పిల్లలు పది దాటి వెళ్లిపోయారు. లెక్కల సారు లేకుండానే రెండు తరగతులు గడిపినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఒక బడి ఫలితాలు తగ్గాయని తప్పుపట్టే ముందు, ఆ ఏడు అక్కడ ఏ సబ్జెక్టు కుర్చీ ఖాళీగా ఉందో అడగాలి.

ఎదురెదురు పేజీలు

తల్లిదండ్రులు బస్సులవైపు చూడటానికి పెద్ద కారణం ఇంగ్లిష్. దాన్ని తక్కువచేసి మాట్లాడటం తేలిక. మేడ్చల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్న తండ్రికి, లోపలికి కారులో వెళ్లేవాళ్లు ఏ భాష మాట్లాడతారో రోజూ వినిపిస్తుంది. ఆయన కోరికలో తప్పు లేదు.

2022-23 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పిల్లలతోపాటే ఒక్కో ఏడు ఒక్కో తరగతి పైకి జరిగింది. దానికోసం అచ్చువేసిన పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. నాకు చాలా నచ్చిన పని ఇది. ఇంగ్లిష్ వాక్యం కొరుకుడు పడనప్పుడు పిల్ల కళ్లు ఎదురు పేజీకి వెళ్తాయి. కిరణజన్య సంయోగక్రియ అన్న మాటా తెలుస్తుంది, ఫొటోసింథసిస్ అన్న మాటా తెలుస్తుంది.

ఈ నేల మీద బడి భాష గురించి పోరాటం కొత్తది కాదు. నిజాం కాలంలో పై చదువులు ఉర్దూలో ఉండేవి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజామాంధ్ర మహాసభ జరిగింది. పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పాలన్నది ఆ ఉద్యమపు తొలినాళ్ల కోరిక. 1948 తర్వాత తెలుగు బడిలోకి వచ్చింది. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చి జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక, హైస్కూలు అన్నది పట్నం దాటి పల్లెకు నడిచింది. తాలూకా కేంద్రానికి వెళ్లి ఎవరింట్లోనో తలదాచుకుని చదువుకున్న తరం తర్వాత, సొంత ఊళ్లో పది పాసైన తరం వచ్చింది. జెడ్పీ హైస్కూలు అన్న మాటలో ఆ చరిత్ర ఉంది.

ఇప్పుడు తరగతిలో మూడో భాష, నాలుగో భాష కూడా వినిపిస్తాయి. నగరం చుట్టూ ఉన్న కంపెనీలకు, ఇటుక బట్టీలకు, కట్టడాల పనులకు ఒడిశా, బిహార్, మహారాష్ట్రల నుంచి కుటుంబాలు వస్తున్నాయి. వాళ్ల పిల్లలకు ఫీజు అడగకుండా తలుపు తీసేది సర్కారు బడే. 2018 చట్టంతో తెలంగాణలో పదో తరగతి దాకా అన్ని బళ్లలో తెలుగు తప్పనిసరైంది. ఆ చట్టం అసలు బరువు మోసేది ఈ తరగతి గదుల్లోనే. ఒడియా మాట్లాడే పిల్లవాడికి పక్క బెంచీ పిల్లవాడు "గట్ల కాదురా, గిట్ల రాయాలె" అని గుణింతం దిద్దుతాడు. సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. బడిలో ఆ భాషను నేర్పే పని రోజూ జరుగుతూనే ఉంది.

ఒంటిగంట బెల్లు

బడిలో అందరూ ఎదురుచూసే గంట మధ్యాహ్న భోజనానిది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. 2003 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక బళ్లలో పొయ్యి వెలిగింది. 2008లో హైస్కూలు పిల్లలకూ వర్తించింది. ఎనిమిదో తరగతి దాకా కేంద్రం వాటా వస్తుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లల అన్నం ఖర్చు రాష్ట్రానిదే. 2015 జనవరి నుంచి ఆ అన్నం సన్నబియ్యంతో వండుతున్నారు. దొడ్డు బియ్యం సగం పారబోసిన రోజులు చూసినవాళ్లకు ఆ మార్పు విలువ తెలుస్తుంది. వారానికి మూడు గుడ్లు. 2023 నుంచి పొద్దున రాగిజావ.

ఇదంతా వండి వడ్డించేది ఊరి ఆడవాళ్లే. గౌరవ వేతనం పేరుతో ఏళ్ల తరబడి వాళ్లకు నెలకు ఇచ్చింది వెయ్యి రూపాయలు. తర్వాత అది మూడు వేలయింది. గుడ్ల ధర పెరిగినా బిల్లు అంతే వస్తుంది, అదీ ఆలస్యంగా వస్తుంది. దుకాణంలో అప్పు పెట్టి సరుకు తెచ్చి, ఏ పిల్లకు ఏ పూట ఆకలెక్కువో గుర్తుపెట్టుకుని ఇంకో గరిటె వేసే మనుషులు వాళ్లు. బడి వార్షికోత్సవ వేదిక మీద శాలువా కప్పాల్సిన వరుసలో నేనైతే మొదట వాళ్ల పేర్లే రాస్తాను.

లెక్కకు రాని విజయాలు

నవంబరు, డిసెంబరు వచ్చేసరికి ఎనిమిదో తరగతిలో ఇంకో సందడి. ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్లలో చదివే పేదింటి పిల్లల కోసం కేంద్రం 2008లో మొదలుపెట్టిన ఉపకార వేతనం ఇది. రెండు భాగాలు, ఒక్కోదాంట్లో 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. కూలి పనికి వెళ్లే ఇంట్లో ఆ డబ్బు ఆడపిల్ల చదువు ఆగకుండా చేస్తుంది. సాయంత్రం ఇంకో గంట కూర్చోబెట్టి, పాత ప్రశ్నపత్రాలు జిరాక్సు తీయించి ఇచ్చే టీచరు ఉన్న బడిలో పిల్లలు ఎంపికవుతారు. ఒక బడి నుంచి ఇద్దరు ఎంపికైనా పండుగ చేయాల్సిన సంగతే. అది పేపర్లో రెండు లైన్లు కూడా రాదు.

పది పాసయ్యాక దారి చూపేవి ఇంకా ఉన్నాయి. 2008లో పెట్టిన బాసర ట్రిపుల్ ఐటీలో సీట్లు పదో తరగతి ప్రతిభ ఆధారంగానే ఇస్తారు. ప్రభుత్వ బళ్ల పిల్లలకు అందులో అదనపు పాయింట్లూ కలుపుతారు. ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజినీరై బయటికి రావచ్చు. ప్రైవేటు బస్సెక్కిన పిల్లకు లేని వెసులుబాటు ఇది. చాలా ఇళ్లలో ఈ మాట తెలియదు.

అమ్మాయిల సంగతి మరొకటి చెప్పాలి. పక్క ఊరి నుంచి, తండా నుంచి హైస్కూలుకు రావాలంటే ఆటో ఖర్చు ఉండేది. ఇంటి నుంచి దూరం పంపడానికి భయం సరేసరి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. బస్సు నడిచే ఊళ్ల వరకు ఖర్చన్న సాకు పోయింది. బస్సు వేళకు రావడమే ఇప్పుడు కావాలి.

మధ్యలో పండుగలు. ఆగస్టు 15 జెండా, దసరా సెలవులకు ముందు రోజు బడి ఆవరణలో బతుకమ్మ. తెల్లారకముందే పోయి తెంపుకొచ్చిన తంగేడు, గునుగు పూలు. నవంబరు 14న స్వపరిపాలన దినం. తొమ్మిదో తరగతి పిల్ల చీర కట్టుకుని హెచ్‌ఎం కుర్చీలో కూర్చుంటుంది, అన్న పదో తరగతి వాడైనా సరే లేచి నిలబడి నమస్తే మేడం అనాల్సిందే. మండల స్థాయి కబడ్డీకి, ఖోఖోకు వెళ్లి వచ్చిన జట్టు గెలిచినా ఓడినా ప్రేయర్‌లో చప్పట్లు. టీచర్ల దినోత్సవం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

జనవరి దాటితే బడి స్వరం మారుతుంది. పదో తరగతికి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ప్రత్యేక తరగతులు. ఉడికించిన శనగలో, పల్లీపట్టీయో చేతికిచ్చి కూర్చోబెడతారు. వెనకబడిన పిల్లల్ని టీచర్లు పంచుకుంటారు. పొద్దున ఐదింటికి ఫోను చేసి లేపే టీచర్లున్నారు. తెలంగాణలో పది ఉత్తీర్ణత 2023లో 86.60 శాతం, 2024లో 91.31, 2025లో 92.78. ఆ అంకెలు పెరగడం వెనక ఈ ఫోన్లు కూడా ఉన్నాయి.

ఖాళీ గదులు నేర్పింది

2020 మార్చిలో కరోనా వల్ల పది పరీక్షలు మూడు పేపర్లు జరిగి ఆగిపోయాయి. మిగతావి రద్దై, అయిదు లక్షలకు పైగా పిల్లలందరూ పాసయ్యారు. ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో పాఠాలు వచ్చాయి. ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది నాన్నతో పనికి వెళ్లేది. టీచర్లు వీధి అరుగుల మీద వర్క్‌షీట్లు దిద్దారు. పెద్ద తరగతులు తెరిచినట్టే తెరిచి 2021 మార్చిలో మళ్లీ మూతపడ్డాయి. సెప్టెంబరులో గేట్లు తీసేనాటికి కొందరు అబ్బాయిలు సెంట్రింగు పనుల్లో కుదిరారు, కొందరు అమ్మాయిలకు పెళ్లిళ్లైపోయాయి. బడి అంటే పాఠం ఒక్కటే అనుకున్నవాళ్లకు అప్పుడు కనువిప్పైంది. పిల్లను ఇంకో మూడేళ్లు పిల్లగా ఉంచేది కూడా బడే.

ఊరు చేయాల్సింది ఇక్కడే ఉంది. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన 'మన ఊరు-మన బడి' కింద 26,065 బళ్లను బాగుచేస్తామని ప్రభుత్వం చెప్పింది. తొలి విడతకు 9,123 బళ్లు తీసుకున్నారు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మహిళా సంఘాలకు పనులు అప్పగించారు. పేర్లు మారుతుంటాయి, పనులు కొన్నిచోట్ల పూర్తవుతాయి, కొన్నిచోట్ల సగంలో ఆగుతాయి. మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా అని వారానికోసారి చూసే తల్లి ఉన్న బడిలో పనులు ఆగవు. పదో తరగతి పాతికేళ్ల పండుగకు కలుసుకునే పూర్వ విద్యార్థులు గుర్తుగా గోడ గడియారం ఇస్తున్నారు. గ్రంథాలయానికి పుస్తకాలు, ఎన్‌ఎంఎంఎస్ రాసే పిల్లలకు మెటీరియల్, మైదానానికి వాలీబాల్ నెట్ ఇచ్చినా అంతే ఖర్చవుతుంది.

మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్న కొత్తవాళ్లకు కూడా ఒక మాట. మీ పిల్లలు ఏ బస్సెక్కినా సరే, మీ వీధి చివరి హైస్కూలు మీ ఊరిదే. జూన్ 12న బళ్లు తెరుస్తారు. ఆ వారంలో ఒక ఉదయం ప్రేయర్ వేళకు లోపలికి వెళ్లండి. హెచ్‌ఎంను మూడు సంగతులు అడగండి: ఈ ఏడు పదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, ఏ సబ్జెక్టుకు టీచరు లేరు, ఎనిమిదో తరగతి పిల్లలకు సాయంత్రం ఒక గంట లెక్కలు చెప్పడానికి ఎవరైనా కావాలా. మూడోదానికి మీరే వెళ్లగలిగితే, శనివారం నుంచే మొదలుపెట్టండి.