గడప దాటిన తరువాత

ఇంటిని తీర్చువానిని గృహశిల్పి యందుము. ఇచట బడి, ఇచట అంగడి, ఇచట ఆసుపత్రి యని ఊరికి పటము గీయువానిని పురప్రణాళికాకర్త యందుము. కాని గడప దాటినది మొదలు అంగడి చేరువరకు మనము నడచు చోటును తీర్చువాడెవడు? వీధి వెడల్పు, దానికి తగిన ఇండ్లయెత్తు, గోడనీడ, చెట్లవరుస, మలుపున కూర్చుండు తావు, వీని నన్నిటిని ఒక్కచూపున కూర్చు విద్యకు పురరూపకల్పన యని పేరు. శిల్పి గోడతో ఆగును. ప్రణాళిక బహుదూరమునుండి చూచును. ఈ విద్య సాయంకాలము బిడ్డ యాడుకొను తావును చూచును.

ఈ పేరు 1956లో హార్వర్డు విశ్వవిద్యాలయమున హోసే లూయీ సెర్ట్ అను శిల్పాచార్యుడు కూర్చిన సభతో ప్రచారమునకు వచ్చెను. ఆ సభలో జేన్ జేకబ్స్ అను పత్రికారచయిత్రి న్యూయార్కులోని తూర్పు హార్లెము సంగతి ప్రసంగించెను. పాతయిండ్లు పడగొట్టి మేడలు కట్టగా చిన్నయంగళ్లు పోయెననియు, వానితోడనే ఇరుగుపొరుగువారి కలయికయు పోయెననియు చెప్పెను. ఆమె శిల్పియు కాదు, ఇంజనీరును కాదు. ఆ సంగతి పట్టినది ఆమె కంటికే! వీధిని కాపాడునవి కిటికీలలోని కన్నులే యని 1961లో గ్రంథమే వ్రాసెను.

రెడ్డిగూడెము వంటి మన మెట్టగ్రామములలో పెంకుటింటి యరుగు ఇంటిదా, వీధిదా? రెండింటిదియు. బియ్యమేరుకొనుచు అచట కూర్చున్న అవ్వ చూపు వీధి చివరివరకు కావలి. నేడు పెక్కుచోట్ల అరుగు పోయి ప్రహరిగోడ లేచినది. ఇంటికి రక్షయని కట్టిన గోడ వీధిని దిక్కులేనిదానిగా చేసినది.

పట్టణములు కట్టుట మన సీమకు క్రొత్తకాదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు బేతవోలును తమ తండ్రి జగ్గయ్యగారి పేర జగ్గయ్యపేట గావించిరి. 18వ శతాబ్దాంతమున కృష్ణ కావలియొడ్డున అమరావతిని కట్టించిరి. అపుడు అచటి దీపాలదిన్నెను త్రవ్వి బౌద్ధస్తూపపు ఱాళ్లను కట్టడములకు తీసికొనిపోయిరి. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూచెను. తీసికొనిపోయినవారు కట్టడము తెలియనివారు కారు. ఎవరి గోడను వారు చూచుకొనిరి.

ఆ పేరే పెట్టుకొన్న రాజధానికి 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగెను. 217 చదరపు కిలోమీటర్ల పటమును సింగపూరు సంస్థలు గీసినవి. శాసనసభకు, హైకోర్టుకు లండను ఫాస్టరు సంస్థ రూపము లిచ్చినది. 2019లో నిలిచిన పనులు 2025 మే 2న ఆర్భాటముగా పునఃప్రారంభమైనవి. పటమును గూర్చియు, మేడలను గూర్చియు పత్రికలు నిండెను. నడుమనున్నదాని ముచ్చట తక్కువ. వెలగపూడి, మందడము వంటి పాతయూళ్లను తొలగింపక లోపలనే యుంచిరి, మంచిదే. అయితే ఆ యూరి యిఱుకువీధి రాజధాని పెద్దబాటను తాకుచోట బిడ్డ చేయిపట్టుకొని దాటుటకు దారి యుండునా? ఎండకు చెట్టుండునా? కూరగాయల గంప దించుటకు తావుండునా?

ఎకరము మెట్టభూమి నిచ్చిన రైతునకు 1000 చదరపు గజముల నివాసస్థలమును, 250 గజముల వ్యాపారస్థలమును ఏర్పరచిరి. అందు ఇండ్లు లేవవలసియున్నవి. అచటనేగాని, మన యూళ్లలోనేగాని, ఇల్లు గీయించుకొను సోదరీమణులు వంటయింటి కొలతలతోపాటు వీధివైపు ఒక కిటికీని, ఒక అరుగును పటములో వేయుమని అడుగవచ్చును. అరుగును మురుగుకాలువమీదికి జరుపక సొంతస్థలములోనే వేయించుకొనవలెను. లేనిచో అధికారులు వచ్చి తీయించెదరు.