ఆట రాకముందే కంప్యూటర్ మార్చాలా?

‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6’ తొలి ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చింది. విడుదల మొదట 2025లో అన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. 2025 నవంబర్‌లో దాన్ని మళ్లీ 2026 నవంబర్ 19కి జరిపారు. ఈ తేదీలన్నీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లవే. తయారీ సంస్థ రాక్‌స్టార్ ఈ ప్రకటనల్లో ఎక్కడా పీసీ ఊసెత్తలేదు. అయినా ఆ ఆట పేరు చెప్పి గ్రాఫిక్స్ కార్డు కొనేద్దామనుకునే కుర్రాళ్లకు నెల్లూరు, కావలి, గూడూరుల్లో కొదవలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

పాత లెక్కలు తిరగేస్తే ఆగినవాళ్లే బాగుపడ్డారు. ఈ వరుసలోని ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’ కన్సోళ్లకు 2013 సెప్టెంబర్‌లో వచ్చింది; పీసీకి రావడానికి 2015 ఏప్రిల్ అయింది. అదే సంస్థ ఆట ‘రెడ్ డెడ్ రిడంప్షన్ 2’ కన్సోళ్లకు 2018 అక్టోబర్‌లో, పీసీకి 2019 నవంబర్‌లో వచ్చింది. తీరా వచ్చాక రాక్‌స్టార్ సిఫారసు చేసిన కార్డు జీటీఎక్స్ 1060. అది 2016 నాటి మధ్యశ్రేణి కార్డు. 2018లోనే ఈ ఆట కోసమని తొందరపడి ఖరీదైన కార్డు కొన్నవాళ్లకు ఏడాది వారంటీ ఊరికే కరిగిపోయినట్టే.

అలాగని ప్రతి పాత కంప్యూటరూ నెట్టుకొస్తుందని కాదు. నెమ్మదిగా నడవడం వేరు, అసలు తెరుచుకోకపోవడం వేరు. మొదటి ఇబ్బంది సెట్టింగులు తగ్గిస్తే తీరుతుంది, రెండోది తీరదు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’కు రే ట్రేసింగ్ సామర్థ్యం ఉన్న కార్డు తప్పనిసరి, ఎంత శక్తిమంతమైనదైనా జీటీఎక్స్ 10 సిరీస్ కార్డు దానికి పనికిరాదు. ‘స్టార్‌ఫీల్డ్’ కనీస అర్హతల్లోనే ఎస్‌ఎస్‌డీ అడిగింది. 2025 అక్టోబర్‌లో విడుదలైన ‘బ్యాటిల్‌ఫీల్డ్ 6’కు సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 ఉండాలి. చాలా మదర్‌బోర్డుల్లో ఇవి ముందే ఉంటాయి, బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేస్తే చాలు. ఈ సంగతి తెలియక బోర్డు మార్చుకోవడం వృథా ఖర్చు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని ప్రాసెసర్ ఉన్నవాళ్లు మాత్రం ఏ గేమ్‌తోనూ నిమిత్తం లేకుండా మార్పు గురించి ఆలోచించాలి.

మార్చాలనుకున్నా, మార్చాల్సింది ఏ భాగాన్నో కొలిచి చూస్తేనే తెలుస్తుంది. ప్రస్తుతం ఆడుతున్న వాటిలో బరువైన ఆట తెరిచి, టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం చూడాలి. అది 95 శాతం దాటి నిలబడితే కార్డు తన శక్తంతా పెడుతున్నట్టు. 60, 70 దగ్గర ఊగుతూ ఆట తడబడుతుంటే ప్రాసెసర్‌నో ర్యామ్‌నో అనుమానించాలి. రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించి చూడటం ఇంకో పరీక్ష: ఫ్రేములు బాగా పెరిగితే లోపం కార్డుది, పెరగకపోతే ప్రాసెసర్‌ది. మన దగ్గర అసెంబుల్ చేయించిన చాలా కంప్యూటర్లలో ఒకటే 8 జీబీ ర్యామ్ స్టిక్ కనిపిస్తుంది. రెండో స్లాట్‌లో దానికి జతగా మరొకటి వేస్తే డ్యూయల్ చానెల్ పనిచేస్తుంది. ఈ ఒక్క మార్పుతోనే కుదుపులు తగ్గిన సందర్భాలు చాలా ఉంటాయి.

ఊహలతో పనిలేకుండా కొందరు తయారీదారులు పరీక్ష సాధనాన్ని ముందే ఇస్తున్నారు. ‘బ్లాక్ మిత్: వూకాంగ్’ 2024 ఆగస్టు 20న రాగా, ఉచిత బెంచ్‌మార్క్ వారం ముందే వచ్చింది. అదీ లేకపోతే స్టీమ్‌లో కొన్న ఆటను 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే, వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డుకు అలాంటి సౌలభ్యం మామూలుగా దుకాణాల్లో ఉండదు.

నెల్లూరు తీరంలో ఈ లెక్కకు మరో పద్దు చేరుతుంది. కార్డుల సమీక్షలు చల్లటి గదుల్లో చేస్తారు. రోహిణి కార్తెలో ఏసీ లేని గది 38 డిగ్రీల్లో ఉంటే, క్యాబినెట్‌లోకి పోయే గాలే అంత వేడిగా ఉంటుంది. కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఖరీదైన కార్డు కొని వేసవంతా చిన్న కార్డులా వాడుకోవడం కంటే రెండు మంచి ఫ్యాన్లు బిగించుకోవడం నయం. మైపాడు, కృష్ణపట్నం, తూపిలిపాళెం వైపు ఊళ్లలో ఉప్పుగాలి అదనం. గాలిలోని ఉప్పు దుమ్ముతో కలిసి తేమను పట్టి, కాంటాక్టులను తినేస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో వారాల తరబడి ఆపేసి ఉంచిన కంప్యూటర్ తెరపై బొమ్మ రాకపోతే, మెకానిక్ ముందు చేసే పని ర్యామ్ తీసి కాంటాక్టులను రబ్బరుతో రుద్ది పెట్టడమే. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేటప్పుడు స్క్రూలు, హెచ్‌డీఎంఐ పోర్టు తుప్పు పట్టాయేమో చూడటం అందుకే అవసరం.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది యూపీఎస్. ఇళ్లలో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే ఇవ్వగలదు. పెద్ద కార్డు, ప్రాసెసర్ కలిసి దాన్ని సులువుగా దాటేస్తాయి. అప్పుడు కరెంటు పోయిన క్షణంలోనే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. కాబట్టి కార్డు ధర పక్కన ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ ధరలు కూడా రాసుకుని బడ్జెట్ వేసుకోవాలి; ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

ఆగితే ధర తగ్గుతుందన్న నమ్మకం మాత్రం ఈమధ్య కొంత సడలింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ వినియోగదారుల వ్యాపారాన్ని మానుకుంటున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఇప్పటికే చాలనివాళ్లు వాటిని వాయిదా వేయడంలో అర్థం లేదు. అవి ఈ రోజు ఆడే ఆటలకూ పనికొస్తాయి. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ సంగతి అలా కాదు. ఆ రెంటి కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కో సికింద్రాబాద్ సీటీసీకో రైలెక్కే ముందు, ఆట పీసీకి వచ్చి, దాని అర్హతలు అచ్చులో కనబడేదాకా ఆగడమే మేలు. కొన్నప్పుడు జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోండి. వారంటీకి అదే ఆధారం.