నాలుగు గవ్వలు, పదునారు వారములు

అలిపిరి పాదాల మండపమునుండి కాలినడకన తిరుమల కెక్కువారికి గాలిగోపురము చాల దూరమునుండియే కనిపించును. క్రొత్తగా వచ్చినవారు అదియే కొండకొస యని తలచి, అక్కడికి చేరగానే ఎక్కుట ముగిసినదని సంతోషింతురు. కాని 3,550 మెట్ల ఈ దారిలో మోకాళ్ళు నొప్పిపెట్టు మోకాళ్ళ మెట్టు ఆ గోపురము దాటిన తరువాతనే యున్నది. ఒక సెమిస్టరు కాలములో విద్యార్థులచేత కంప్యూటరు ఆటను తయారు చేయించు నాకు ఈ పోలిక తరచు జ్ఞప్తికి వచ్చును.

కంప్యూటరు ఆట యనగా నేమి? తెరమీది బొమ్మలే ఆట యని చాలమంది యభిప్రాయము. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథం అను భౌతికశాస్త్రజ్ఞుడు, ప్రయోగశాలను చూడవచ్చిన వారి వినోదమునకై ఒక టెన్నిస్ ఆటను నిర్మించెను. అందులో ఒక గీత నేల, ఒక చిన్న గీత వల, ఒక చుక్క బంతి. అంతే! అయినను జనులు బారులు తీరి ఆడిరి. బంతి ఎట్లు ఎగురవలెను, వలకు తగిలిన నేమగును అను నియమములు సరిగా నుండుటయే దానికి కారణము. కనుక ఆటకు ప్రాణము నియమములు. బొమ్మలు దాని యలంకారములు మాత్రమే.

ఈ సంగతి నాకు మొదటి సంవత్సరమే తెలిసియుండిన బాగుండెడిది. ఆ యేడు పదిమంది విద్యార్థులు ఒక జట్టుగా చేరి, కొండదారి నంతను మెట్టుమెట్టుగా తెరమీద చూపెదమనిరి. వారి యుత్సాహము చూచి నేను సరే యంటిని. పదునారవ వారమునకు చక్కని గోపురములు, చెట్లు సిద్ధమైనవి. ఆడుటకు మాత్రము ఏమియు లేదు. వారు చిన్నబోయిన ముఖములతో నిలువబడినపుడు తప్పు వారిది కాదు, నాది యని గ్రహించితిని. పదిమంది యున్న జట్టులో ఇద్దరిద్దరుగా మాటలాడుకొనవలసిన జతలు 45. నలుగురే యున్నచో జతలు 6 మాత్రమే. ఆలస్యమైన ప్రోగ్రాము పనికి క్రొత్తవారిని చేర్చిన అది మరింత ఆలస్యమగునని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో వ్రాసినది ఇందువలననే.

మరుసటి యేడు జట్టుకు నలుగురే. ఆట మన యిండ్లలోని అష్టాచెమ్మ. మూడవ వారము ముగియునప్పటికి బొమ్మలు లేకున్నను ఆడదగిన ఆట నా ముందుంచవలెనని నియమము పెట్టితిని. వారు అట్లే చేసిరి. తెరమీద ఇరువదియైదు గడులు, నాలుగు రంగుల చుక్కలు. మీట నొక్కిన గవ్వలు పడును. ఒక విద్యార్థిని యిల్లు అలిపిరికి సమీపముననే. ఆమె ఆ యాటను తన అవ్వచేత ఆడించినది. అవ్వ పట్టుమని పదిసార్లు వేయకమునుపే, “ఏందే పాపా, నీ గవ్వలకు అష్ట, చెమ్మ తప్ప ఇంకోటి పడేది తెలీదా?” అనినదట.

మరునాడు నలుగురును దిగులుతో వచ్చిరి. ప్రోగ్రాములో ఎక్కడను దోషము కనబడుట లేదు. “గవ్వలు వేయుటను ఎట్లు వ్రాసితిరి?” అని యడిగితిని. “1, 2, 3, 4, 8 అను అయిదింటిలో ఏదో ఒకటి రావలెనని వ్రాసినాము సార్” అనిరి. దోష మక్కడనే యున్నది.

ఒక్కొక్క గవ్వ వెల్లకిల గాని బోర్ల గాని పడును. నాలుగు గవ్వలు పడు విధములు 2×2×2×2, అనగా 16. వీనిలో ఒకటి మాత్రమే వెల్లకిల పడు విధములు 4, రెండు పడునవి 6, మూడు పడునవి 4. నాలుగును వెల్లకిల పడు విధము (చెమ్మ, 4) ఒక్కటే. నాలుగును బోర్లపడు విధము (అష్ట, 8) ఒక్కటే. గవ్వకు రెండు వైపులును సమానమనుకొన్నచో అష్ట పదునారు సార్లకు ఒకమారు పడవలెను. పిల్లల ప్రోగ్రాములో అది అయిదుసార్లకు ఒకమారు పడుచుండెను. పైగా చెమ్మగాని అష్టగాని పడిన మరల వేయవచ్చును గదా! లెక్క వేసి చూచితిమి. నిజమైన ఆటలో ఒక వంతునకు సగటున సుమారు 2.9 గడులు నడువవలెను. వారి యాటలో 6 గడులు నడచుచున్నవి. బడిలో సంభావ్యతా సిద్ధాంతము నెన్నడును చదువని అవ్వ చేతివేళ్ళకు ఈ భేదము వెంటనే తెలిసినది!

దోషము దిద్దిన పిదప కంప్యూటరుచేతనే పదివేల ఆటలు ఆడించి, ఏ సంఖ్య ఎన్నిసార్లు పడినదో లెక్కించిరి. ఈ పద్ధతికి మాంటీకార్లో పద్ధతి యని పేరు. 1946లో స్టానిస్లా ఉలాం అను గణితవేత్త జబ్బునుండి కోలుకొనుచు, ఒంటరిగా పేకాట యాడుచుండగా ఈ యాలోచన తట్టినది. ఆట గెలుచుటకు గల సంభావ్యతను సూత్రములతో సాధించుటకంటె, అనేకమారులు ఆడి లెక్కపెట్టుట సులభము గదా యని యాతడు తలచెను. జాన్ ఫాన్ నాయ్‌మన్ దానిని పెంపొందించెను. పేకముక్కలనుండి పుట్టిన ఆ పద్ధతి పరమాణు శాస్త్రమునకు ఉపకరించినది.

ఇంతటితో గాలిగోపురమునకు చేరితిమి. మోకాళ్ళ మెట్టు ఇంకను మిగిలియున్నది. గవ్వకు ఒక వైపు చదును, రెండవవైపు ఉబ్బు. అది సరిగా సగము సార్లు వెల్లకిల పడునని నమ్మకమేమి? నూటికి 60 సార్లు వెల్లకిల పడు గవ్వలైనచో చెమ్మ నూటికి 13 సార్లు పడును. అష్ట 3 సార్లు కూడ పడదు. కనుక నిజమైన గవ్వలను వేసి లెక్కపెట్టుట తప్పనిసరి. అటుపిమ్మట నియమములు తెలియనివారు ఆడినపుడు కలుగు చిక్కులను దిద్దవలెను. అందుచేత నా పద్ధతి యిది: మూడవ వారమునకు ఆడదగిన ఆట, ఎనిమిదవ వారమునకు జట్టులో లేనివారు ఆడుట, పండ్రెండవ వారము తరువాత క్రొత్త చేర్పులు నిషిద్ధము, మిగిలిన నాలుగు వారములు మరమ్మతులే. దొరికిన ప్రతి దోషమును నోటుపుస్తకములో వ్రాసినవారికి మార్కులు తగ్గింపను, హెచ్చింతును. దాచిన దోషమే ఆటను చెరచును.

ఉన్నత పాఠశాలలో కంప్యూటరు లేకున్నను ఈ పని చేయవచ్చును. నాలుగేసి విద్యార్థులను జట్టుగా కూర్చుండబెట్టి, నాలుగు గవ్వలను నూరుసార్లు వేయించుడు. పడిన సంఖ్యలను పట్టికగా వ్రాయించి, 25, 38, 25, 6, 6 అను లెక్కతో పోల్చి చూడమనుడు. భేదము కనిపించిన, అది యాదృచ్ఛికమా, గవ్వ ఆకారమువలన కలిగినదా యని వారినే తర్కింపనిండు. పిదప ఒక క్రొత్త ఆటను అట్టమీద గీయించి, ఇంటిలోని పెద్దలచేత ఆడించి, వారి మాటలను వ్రాసికొని రమ్మనుడు. తాను చేసినదానిలో లోపమును మరియొకరు చూపినపుడు చిన్నబోక, లెక్క వేసి చూచుట విద్యార్థి కలవడినచో, ఆ సెమిస్టరు వ్యర్థము కాలేదన్నమాటయే.