వ్రేలికి తెలియు గీత

మిర్యాలగూడ బియ్యపు మిల్లులోనో సూర్యాపేట ధాన్యపు మార్కెట్టులోనో నోట్లకట్ట విప్పి లెక్కించు గుమాస్తాను గమనింపుడు: ఎదుటివానితో మాటలాడుచుండగనే వాని బొటనవ్రేలు నోటు ముఖమును ఒకపరి రాచి ముందునకు సాగిపోవును. ఆ వ్రేలు వెదకునది బొమ్మను గాదు, బొమ్మయొక్క యెత్తును. నూరు రూపాయలును అంతకు మించినవియునగు నోట్లపై గాంధీమహాత్ముని ముఖము కాగితముకంటె అణుమాత్రము ఉబ్బి యుండును. ఆ యుబ్బునకు మూలము ఉక్కుపలకపై శిల్పి తీసిన పల్లము.

ఆ శిల్పి పనిముట్టు చూచుటకు మిక్కిలి స్వల్పము: ఏటవాలుగా నరికిన కొన గల సన్నని ఉక్కు ఉలి, అరచేత నిముడు కొయ్యపిడి. వంపుగీత వలసినచోట అతడు ఉలిని త్రిప్పడు. ఇసుక నింపిన తోలుదిండుపై పలకనే మెల్లగా త్రిప్పును. అచ్చులో బొమ్మ తిరుగబడును గనుక కుడియెడమలను తారుమారుగా చెక్కవలెను. నీడపట్టున గీత లోతును వెడల్పును పొంది, చెక్కిలిపై వెలుగు పడుచోట సన్నగిలి, తుదకు చుక్కలుగా విడిపోవలెను. ఉలి జారెనా, తుడిచివేయుటకది సిరాగీత గాదు. నోటుపై ముఖచిత్రమునే ఏల నిలుపుదురన, పుట్టినది మొదలు ముఖములను చదువుచుండు మానవనేత్రము కనుకొలకులోని వెండ్రుకవాసి మార్పునైనను ఇట్టే పసిగట్టును.

పల్లములలో జిగట సిరా నింపి, పలకపైభాగమును తుడిచి, పత్తినారతో చేసిన కాగితమును మహాభారముతో అదిమినప్పుడు, ఆ కాగితము గీతలలోనికి దిగి సిరాను ఎత్తుకొని వచ్చును. ఛాయాచిత్రము తీసి అచ్చొత్తిన దొంగనోటు రంగును దొంగిలింపగలదు గాని ఈ యెత్తును దొంగిలింపజాలదు. ఒక్క మూలఫలకమునుండి అనేక ఫలకములను పొందు ఉపాయమును 1819లో ఇంగ్లండు చేరిన అమెరికనుడు జేకబ్ పెర్కిన్సు ప్రసిద్ధము చేసెను: చెక్కిన పలకను కాచి గట్టిపరచి, దానిపై మెత్తని ఉక్కురోలరును దొర్లించి బొమ్మను ఎత్తుగా గ్రహించి, ఆ రోలరును గట్టిపరచి, దానితో మరల ఎన్ని పలకలనైనను ఒత్తవచ్చును.

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ అను మూడు ఊళ్లకు కాగితపు ద్రవ్యముతో గల చుట్టరికము వేరొక రాజ్యమునాటిది. నిజాము ఏలుబడిలో కోదాడ సరిహద్దు సీమ. అది దాటి బ్రిటిషు ఏలుబడిలోని జగ్గయ్యపేట చేరినవానికి నిజాము నాణెమగు హాలీ సిక్కా చెల్లదు, బ్రిటిషువారి రూపాయ యగు కల్దారు కావలెను. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానము. మొదటి ప్రపంచయుద్ధమున వెండి కరవైనందున 1918లో పది, నూరు రూపాయల కాగితపు నోట్లు వెలువరింప నిజాము ప్రభుత్వమునకు అనుమతి లభించెను. మరుసటి యేట ఒకటి, అయిదు రూపాయలవి, 1926లో వేయి రూపాయలది వెలువడెను. తరువాత నాసిక్ ముద్రణాలయము ఆ పని చేపట్టెను. ఉర్దూ, మరాఠీ, కన్నడములతోపాటు మన తెలుగక్షరములును ఆ నోట్లపై నిలిచినవని తలచినపుడు నా మనస్సు పులకించును.

ఆ నోట్ల కట్టలు కొన్ని సముద్రమున మునిగిన కథయు కలదు. 1922 మే 20వ తేదీన ఫ్రాన్సు తీరమున పొగమంచులో మరియొక ఓడ ఢీకొని ‘ఈజిప్టు’ అను ఓడ మునిగిపోయెను. బొంబాయికి వచ్చుచుండిన ఆ ఓడలో బంగారు వెండి కడ్డీలతోపాటు హైదరాబాదు నోట్ల కట్టలును ఉండెను. దాదాపు పది సంవత్సరములకు పిమ్మట ‘ఆర్టిగ్లియో’ అను ఓడకు చెందిన ఇటాలియను బృందము నాలుగువందల అడుగుల లోతునుండి బంగారమును వెలికితీయునపుడు ఆ నోట్లును పైకి వచ్చెను. ఉప్పునీట అన్నేండ్లు నానినను వానిపై అచ్చు చదువ వీలగుచునే యుండెను. సంతకములు మాత్రము లేవు, ఏలయన హైదరాబాదు చేరిన పిమ్మట పడవలసిన సంతకములవి.